పెద్ద ఆఫ్‌రోడ్ టైర్లకు ఏ బ్యాలెన్సింగ్ నయం: వెయిట్లు, గాజు పూసలు, హబ్బు రింగులపై సమీక్ష

థార్‌కో ఫార్చ్యూనర్‌కో 33 అంగుళాల మడ్ టెరైన్ టైర్లు వేయించాక, బండి 80 దాటగానే స్టీరింగ్ వణకడం మొదలైందనుకోండి. చాలామంది అదే షాపుకి తిరిగి వెళ్లి ఇంకో వంద గ్రాముల వెయిట్లు అంటించుకుని వస్తారు. మిగతావాళ్లు టైరు లోపల పోసే బ్యాలెన్సింగ్ పూసల ప్యాకెట్లు ఆన్‌లైన్‌లో తెప్పిస్తారు. రెండు దారుల్లోనూ డబ్బు ఖర్చవుతుంది, వణుకు మాత్రం సగమే తగ్గుతుంది. వెయిట్లలోనో పూసల్లోనో లోపముండి కాదు. చక్రాన్ని మెషిన్ మీద కూర్చోబెట్టిన తీరులోనే తప్పు జరిగి ఉంటుంది.

ముందే తీర్పు చెప్పేస్తాం. 33 అంగుళాల వరకు, ఎక్కువగా తారురోడ్డు మీద తిరిగే బండికి, ఒళ్లు దగ్గర పెట్టుకుని చేసిన మామూలు మెషిన్ బ్యాలెన్సింగే అన్నిటికన్నా మేలు. టైరు 35 దాటినా, టైరు అంచుని బోల్టులతో బిగించి పట్టే బీడ్‌లాక్ రిమ్ములున్నా, వారంవారం బురదలో దిగే బండి అయినా గాజు పూసలకు పెట్టిన డబ్బు దండగ కాదు. హబ్బుకు, అంటే బండి మీద చక్రం కూర్చునే మధ్య భాగానికి, బిగించే రింగులు మంచి వస్తువే గానీ కొద్దిమందికే పనికొస్తాయి. టైరు గుండ్రంగా లేకపోతే మాత్రం ఈ మూడింట్లో ఏదీ మిమ్మల్ని ఆదుకోదు.

పెద్ద టైరుతో అసలు చిక్కు

33 అంగుళాల టైరు వ్యాసార్ధం సుమారు 42 సెంటీమీటర్లు. ట్రెడ్ మీద, అంటే రోడ్డుని తాకే భాగం మీద, ఒకచోట 30 గ్రాముల బరువు ఎక్కువైతే, గంటకు 100 కిలోమీటర్ల వేగంలో అది ఐదున్నర కిలోల బరువంత బలంతో చక్రాన్ని బయటికి లాగుతుంది. అదీ సెకనుకు పదిసార్లకు పైగా. వేగం సగానికి తగ్గితే ఈ బలం నాలుగో వంతుకు పడిపోతుంది. 50లో నున్నగా పోయే బండి 90లో ఊగిపోవడానికి కారణం ఇదే.

ఆ 30 గ్రాములకు ఎదురు వెయిట్‌ని ట్రెడ్ మీద పెట్టలేం కదా. రిమ్ము లోపలే అంటించాలి. 17 అంగుళాల రిమ్ములో అంటించే చోటు చక్రం మధ్య నుంచి 20 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది కాబట్టి 30 గ్రాముల లోటుకు 60 గ్రాములకు పైనే వేయాలి. 15 అంగుళాల రిమ్ము మీద 35 టైరు ఎక్కిస్తే అది 75 గ్రాముల దాకా పోతుంది. టైరు పెరిగేకొద్దీ, రిమ్ము చిన్నదయ్యేకొద్దీ వెయిట్ల వరస పొడవవుతుంది. పొడవైన వరస బురదకీ రాళ్లకీ తొందరగా ఊడుతుంది.

వెడల్పుతో ఇంకో చిక్కు ఉంది. 12.5 అంగుళాల వెడల్పున్న టైరులో బరువు తేడా లోపలి అంచున ఒకచోట, బయటి అంచున దానికి ఎదురుగా ఇంకోచోట ఉండొచ్చు. అప్పుడు చక్రం పైకీ కిందికీ ఎగరదు, ఎడమకీ కుడికీ ఊగుతుంది. స్టీరింగ్ చేతుల్లో ఆడేది ఎక్కువగా దీనివల్లే. దీన్ని సరిచేయాలంటే లోపలి వైపు ఒక వెయిటు, బయటి వైపు ఒక వెయిటు పెట్టాలి, ఆ రెండింటి మధ్య దూరం ఎంత ఎక్కువుంటే అంత తక్కువ బరువుతో పని అవుతుంది. ఆఫ్‌రోడ్ ఫ్యాషన్ రిమ్ముల దగ్గరే ఇక్కడ దెబ్బ పడుతుంది. నెగెటివ్ ఆఫ్‌సెట్ ఉన్న 9 అంగుళాల రిమ్ములో స్పోకులు బయటి నుంచి బాగా లోతుగా, అంటే బండి వైపు జరిగి ఉంటాయి. వెయిట్లు కనబడకూడదని వాటిని స్పోకుల వెనకే అంటిస్తే రెండు వరసల మధ్య 7, 8 సెంటీమీటర్లే మిగులుతాయి. రిమ్ము రెండు అంచులకూ క్లిప్పు వెయిట్లు కొడితే అదే దూరం 22 సెంటీమీటర్లకు పైనే ఉండేది. అంటే అదే ఊగుడుకు ఇక్కడ మూడింతల బరువు కావాలి. "అన్నా, ఒక్కో చక్రానికి రెండొందల గ్రాములు చూపిస్తోంది, టైరే బాలేదు" అని షాపులో చెప్పే మాటకు చాలాసార్లు మూలం ఇదే. టైరు బాగానే ఉంటుంది.

మెషిన్ బ్యాలెన్సింగ్: సేవ ఎంత బాగుంటే ఫలితం అంత

మన ఊళ్లలో టైరు షాపుల మెషిన్లు చాలావరకు కార్ల కోసం కొన్నవి. వాటి షాఫ్టు సాధారణంగా 65, 70 కిలోల దాకా మోస్తుంది. 35×12.50 మడ్ టైరు ఒక్కటే 32 కిలోల చుట్టూ ఉంటుంది, అల్లాయ్‌తో కలిపితే 45 కిలోలు అనుకోండి. కాబట్టి బరువుతో ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా టైరు మీద పడే రక్షణ మూతతో, మధ్య రంధ్రంలో దూర్చి చక్రాన్ని షాఫ్టు మీద కూర్చోబెట్టే కోన్‌తో.

మూత సంగతి చిన్నదే. పెద్ద టైరుకి మూత పూర్తిగా పడదు, పడనిదే చాలా మెషిన్లు తిరగవు. మీటని చేత్తో నొక్కి తిప్పే అలవాటు కొన్నిచోట్ల కనిపిస్తుంది. 45 కిలోల చక్రం తిరుగుతుండగా మూత లేకుండా పక్కన నిలబడటం మంచిది కాదు. అలాంటి చోట బండి ఆపకుండా, లారీ, బస్సు టైర్లు చూసే షాపుకి వెళ్లండి. వాళ్ల మెషిన్ పెద్దది.

కోన్ సంగతి మాత్రం అన్నిటికన్నా ముఖ్యం. కంపెనీ రిమ్ములో మధ్య రంధ్రం హబ్బుకు సరిగ్గా సరిపోతుంది: జిమ్నీకి 108 మిల్లీమీటర్లు, ఫార్చ్యూనర్‌కి 106. బయట కొన్న అల్లాయ్‌లో ఆ రంధ్రం అంతకంటే పెద్దది, పైగా దాని అంచు నున్నగా చెక్కి ఉండకపోవచ్చు. అలాంటి రిమ్ము బండి మీద మధ్య రంధ్రంతో కాదు, ఏటవాలు నట్లతో సెంటరవుతుంది. దాన్ని మెషిన్ మీద కోన్‌తో బిగిస్తే బండి మీద తిరిగే సెంటరు వేరు, మెషిన్ కొలిచే సెంటరు వేరు. తేడా ఎంత ఉంటుందో చూడండి. 40 కిలోల చక్రం మెషిన్ మీద అర మిల్లీమీటరు పక్కకు కూర్చుంటే, 20 సెంటీమీటర్ల దగ్గర 100 గ్రాముల వెయిట్ అడుగుతుంది. లేని లోపానికి వంద గ్రాములు అంటించినట్టు. బండికెక్కించాక ఆ వంద గ్రాములే కొత్త లోపమవుతాయి.

దీనికి మందు ఫ్లాంజ్ ప్లేటు. నట్టు రంధ్రాల్లో దిగే వేళ్లతో చక్రాన్ని బిగించే ప్లేటు అది. పీసీడీని, అంటే నట్టు రంధ్రాల మీదుగా గీసిన వృత్తం వ్యాసాన్ని, బట్టి వేళ్లను జరుపుకోవచ్చు. జిమ్నీకి ఐదు రంధ్రాలు, ఫార్చ్యూనర్‌కి ఆరు, రెండింటికీ పీసీడీ 139.7 మిల్లీమీటర్లు. కోన్‌ని వెనక నుంచి పెట్టి, ముందు నుంచి ఈ ప్లేటుతో బిగించే షాపు దొరికితే పది కిలోమీటర్లు ఎక్కువైనా అక్కడికే వెళ్లండి. ప్లేటు ఉందో లేదో ఫోన్‌లోనే కనుక్కోవచ్చు.

ప్లేటున్నా లేకున్నా ఒక పరీక్ష తప్పకుండా చేయించండి. మెషిన్ సున్నా చూపించాక చక్రాన్ని వదులు చేయమనండి. షాఫ్టు మీద సగం చుట్టు తిప్పి మళ్లీ బిగించి ఇంకోసారి తిప్పమనండి. 5, 10 గ్రాముల్లోపు చూపిస్తే కూర్చోవడం సరిగ్గా ఉన్నట్టు. 40, 50 చూపిస్తే మొదటి సున్నాకి విలువ లేదు, కోన్ మార్చి మొదటి నుంచి చేయాల్సిందే. ఇది రెండు నిమిషాల పని. దీనికి ఒప్పుకోని షాపులో పెద్ద టైర్లు చేయించకండి.

మిగతా క్రమం ఇలా ఉండాలి. పాత వెయిట్లన్నీ, వాటి జిగురుతో సహా తీసేయాలి. టైరు కూర్చున్న తీరు చూడాలి: రిమ్ము అంచు పక్కన టైరు గోడ మీద సన్నటి గీత ఒకటి ఉంటుంది. అది చుట్టూరా రిమ్ముకి సమాన దూరంలో కనబడాలి. ఒకచోట లోపలికి దిగి ఉంటే గాలి తీసి, సబ్బు పూసి, మళ్లీ కూర్చోబెట్టాలి. కూర్చోబెట్టేటప్పుడు 40 పీఎస్‌ఐ దాటొద్దు. మెషిన్‌లో దూరం, వ్యాసం, వెడల్పు మూడూ సరిగ్గా ఎక్కించారో లేదో చూసుకోండి. ముందు వచ్చిన కారు 6 అంగుళాల రిమ్ము వెడల్పు అలాగే ఉండిపోయి, మీ 9 అంగుళాల రిమ్ముని దాంతో కొలవడం తరచూ జరిగే పొరపాటు.

టైరు గోడ మీద పసుపు చుక్క ఉంటే అది తేలికైన వైపు, దాన్ని వాల్వు దగ్గరకు తేవాలి. ఎరుపు చుక్క టైరు గట్టిగా ఉన్న వైపును చూపిస్తుంది. రిమ్ములో తక్కువ ఎత్తున్న చోటు గుర్తు పెట్టి ఉంటే ఎరుపుని అక్కడికి తేవాలి. చాలా మడ్ టైర్లకు చుక్కలే ఉండవు. అప్పుడు మొదటిసారి తిప్పి చూసి, ఒక చక్రం 150 గ్రాములకు మించి అడిగితే వెయిట్లు అంటించడం ఆపేసి, టైరుని రిమ్ము మీద సగం చుట్టు తిప్పించండి. టైరు బరువు వైపూ రిమ్ము బరువు వైపూ ఒకచోట కలిసి ఉంటే ఈ ఒక్క పనితో 150 కాస్తా 60 అవుతుంది. శ్రమతో కూడిన పనే, కుర్రాడికి వందో రెండొందలో ఎక్కువివ్వండి.

వెయిట్లు అంటించే ముందు ఆ చోటు స్పిరిట్‌తో తుడవాలి. టైరు పాలిష్, బ్రేకు దుమ్ము ఉన్నచోట జిగురు పట్టదు. అంటించాక వాటి మీద అల్యూమినియం టేపు గట్టిగా నొక్కి అంటిస్తే బురదలోనూ నిలుస్తాయి. బ్రేకు క్యాలిపర్‌కి తగలకుండా చక్రాన్ని చేత్తో ఒక చుట్టు తిప్పి చూడాలి. బయటి అంచుకు కొట్టే క్లిప్పు వెయిట్లు రాళ్లలో దిగే బండికి వద్దు, మొదటి బండరాయికే పోతాయి. లోపలి అంచున మాత్రం కొట్టించుకోవచ్చు, రిమ్ము పెదవి వాటికి తగ్గట్టు ఉంటే. పైన చెప్పిన రెండు వరసల దూరం సమస్య దాంతో కొంత తీరుతుంది.

ఈ పద్ధతికి ఉన్న అసలు బలహీనత ఆఫ్‌రోడ్ వాడకంలోనే బయటపడుతుంది. గాలి 15 పీఎస్‌ఐకి దించి ఏటవాలు ఎక్కినప్పుడు ఇంజన్ బలానికి టైరు రిమ్ము మీద కొద్దిగా జరుగుతుంది. జరిగిన మరుక్షణం మెషిన్ మీద చేసిన లెక్కంతా తప్పుతుంది. వాల్వుకి ఎదురుగా టైరు గోడ మీద తెల్ల పెయింటుతో చిన్న గీత పెట్టుకుంటే జరిగిందో లేదో వెంటనే తెలుస్తుంది.

బురద సంగతి

బ్యాలెన్సింగ్ పోయిందని వచ్చే బండ్లలో పెద్ద వాటా నిజానికి బురదది. నల్లరేగడి నేలలో దిగి వచ్చిన చక్రం లోపలి గోడకు ముద్దగా పట్టిన మట్టి ఎండితే గట్టిపడుతుంది. బయట నుంచి నీళ్లు కొడితే అది పోదు. పావుకిలో మట్టి ఒకే వైపు అతుక్కుంటే ఏ బ్యాలెన్సింగూ దాన్ని మోయలేదు. ట్రయల్ (ఆఫ్‌రోడ్ దారి) నుంచి వచ్చాక వణుకు మొదలైతే షాపుకి వెళ్లే ముందు చక్రం విప్పి, లోపలి వైపు చెక్క గరిటెతో గీకి, ప్రెషర్ వాష్ కొట్టి చూడండి. చాలాసార్లు కథ అక్కడే అయిపోతుంది.

గాజు పూసలు

కెనడాకు చెందిన కౌంటరాక్ట్ కంపెనీ పూసలు గాజువి. డైనా బీడ్స్ సిరామిక్‌వి. రెండూ చక్కెర పలుకుల్లా సన్నగా ఉండి టైరు లోపల వదులుగా తిరుగుతాయి. బండి ఆగినప్పుడు అడుగున కుప్పగా పడి ఉంటాయి. 33 టైరులో గంటకు 7, 8 కిలోమీటర్ల వేగం దాటాక ట్రెడ్ లోపలి గోడకు అతుక్కుని చక్రంతో పాటు తిరుగుతాయి. బరువు తేడా వల్ల చక్రం ఊగుతుంటే, ఆ ఊగుడు ఒక హద్దు దాటిన వేగంలో పూసలు క్రమంగా తేలికైన వైపుకి జరుగుతాయి. కొన్ని వాషింగ్ మెషిన్లలో డ్రమ్ము అంచున ఉండే ద్రవపు వలయం పనిచేసేదీ ఈ సూత్రం మీదే. చక్రమూ యాక్సిలూ ఎంత బరువైతే ఆ హద్దు అంత తక్కువ వేగానికి దిగుతుంది. అందుకే 35, 37 టైర్లలో పూసలు చూపించే తేడా చిన్న కారు టైర్లలో కనబడదు.

వీటి గొప్ప లాభం రెండు చోట్ల ఉంది. ఒకటి, పూసలు ట్రెడ్ దగ్గరే ఉంటాయి కాబట్టి 30 గ్రాముల లోటుని 30 గ్రాములతోనే పూడుస్తాయి. రెండు, టైరు అరిగినా, రిమ్ము మీద జరిగినా, ఒక ట్రెడ్ దిమ్మ చిరిగిపోయినా మళ్లీ సర్దుకుంటాయి. బీడ్‌లాక్ రిమ్ముల విషయంలో ఇవి దాదాపు తప్పనిసరి. బయటి రింగు, దాని చుట్టూ రెండు డజన్లకు పైగా బోల్టులు, చేత్తో మధ్యకు సర్దిన టైరు అంచు, ఇన్ని ఉన్నచోట వెయిట్లతో సున్నా తెచ్చినా మళ్లీ విప్పి బిగిస్తే పోతుంది.

పరిమాణానికి కంపెనీ పట్టికనే నమ్మండి. మోటుగా చెప్పాలంటే ఒక్కో టైరుకి 33కి 170 నుంచి 225 గ్రాములు, 35కి 225 నుంచి 285, 37కి 285 నుంచి 340 పడతాయి. నాలుగు చక్రాలకూ వేయాలి, స్టెప్నీని మరవొద్దు.

వేసే పద్ధతిలో తడి ఉండకూడదు. టైరు ఎక్కించేటప్పుడు పూసిన సబ్బు నీళ్లు లోపల మిగిలితే పూసలు ముద్ద కడతాయి, ముద్ద ఒకచోట అంటుకుంటే అదే కొత్త బరువు. లోపలంతా పొడి గుడ్డతో తుడిచి, రిమ్ము మీది పాత వెయిట్లు తీసేసి, టైరు ఒక అంచు ఎక్కించాక పూసలు అడుగున పోసి, రెండో అంచు ఎక్కించాలి. అంచుకీ రిమ్ముకీ మధ్య ఒక్క పూస ఇరుక్కున్నా గాలి సన్నగా కారుతూనే ఉంటుంది. వాల్వు గుండా సీసాతో పోసే పద్ధతి కూడా ఉంది, టైరు విప్పకూడదనుకుంటే అదే దారి. టైరు గాలి ఒత్తిడి చూపించే టీపీఎంఎస్ సెన్సర్ ఉన్న వాల్వులో మాత్రం దారి సన్నగా ఉంటుంది, అక్కడ టైరు అంచు దించి పోయడమే మంచిది. చివర్లో మామూలు వాల్వ్ పిన్ను తీసి ప్యాకెట్‌తో వచ్చే జాలీ ఉన్న పిన్ను బిగించాలి. ఈ చిన్న ముక్కని పారేసి తర్వాత గాలి నిలవడం లేదని బాధపడేవాళ్లు ఎక్కువ.

పూసలు వేసిన చక్రాన్ని మెషిన్ మీద పెట్టించకండి. మెషిన్ షాఫ్టు చక్రాన్ని ఊగనివ్వదు, ఊగకపోతే పూసలకు ఎటు జరగాలో దారి దొరకదు. తిప్పిన ప్రతిసారీ ఒక కొత్త అంకె వస్తుంది. షాపువాళ్లు దాన్ని చూసి "పూసలు దండగ" అంటే ఆ మాట పట్టించుకోనక్కర్లేదు.

ఇక లోపాలు. పెద్ద గుంతలో పడినప్పుడు పూసలు చెదిరి కొన్ని క్షణాలు వణుకు వస్తుంది, మళ్లీ సర్దుకుంటుంది. ఆగి బయల్దేరిన ప్రతిసారీ తక్కువ వేగాల్లో కొంచెం తేడా తెలుస్తుంది. సున్నితంగా గమనించేవాళ్లకు హైవే మీద బాగా చేసిన వెయిట్ల నున్నదనం పూసలతో రాదు. ఆఫ్‌రోడ్ వాళ్లకు అసలు తలనొప్పి గాలి దించడం దగ్గర ఉంది. ఏఆర్‌బీ ఈజీ డిఫ్లేటర్ లాంటివి వాల్వ్ పిన్నునే బయటికి లాగి గాలి వదులుతాయి. వాల్వు కిందవైపు ఉండగా అలా చేస్తే గాలితో పాటు పూసలూ ఎగిరిపోతాయి. వాల్వు పైవైపుకి వచ్చేలా బండి ఆపి, పిన్ను లోపలే ఉంచి గాలి వదిలే రకం డిఫ్లేటర్ వాడాలి. గాలి పట్టేటప్పుడు చిన్న కంప్రెసర్లు తేమని లోపలికి పంపుతాయి, గోదావరి జిల్లాల వానాకాలం గాలి సంగతి చెప్పక్కర్లేదు. కంప్రెసర్ గొట్టానికి నీటిని ఆపే చిన్న ఫిల్టర్ పెట్టుకోండి. పంచర్ సీలెంట్ ద్రవం పోస్తే పూసల పని ఆ రోజుతో ముగిసినట్టే. స్ట్రిప్ పంచర్ వేయొచ్చు, కాకపోతే మేకు తీసేటప్పుడు ఆ చోటు పైకి ఉండేలా చక్రాన్ని తిప్పండి.

పూసలకు బదులు ఎయిర్‌సాఫ్ట్ తుపాకీ ప్లాస్టిక్ గుండ్లు పోయడం అమెరికా జీపు వాళ్ల అలవాటు. అక్కడ ర్యాంగ్లర్లు నడిపే మనవాళ్లు కూడా 37 టైర్లలో వాడతారు. 6 మిల్లీమీటర్ల గుండు ఒక్కోటి 0.2 గ్రాములు, అంటే 170 గ్రాములకు 850 గుండ్లు. చవక, పెద్దవి కాబట్టి వాల్వులో ఇరుక్కోవు. మట్టిలో కలిసిపోయే రకం గుండ్లు తేమకు పాడవుతాయి, అవి వద్దు. నెమ్మదిగా పోయేటప్పుడు గలగల చప్పుడు వినబడుతుంది. 37, ఆపై టైర్లకు పర్వాలేదు అనిపించే పద్ధతి. ఇసుక, ఇనుప గుండ్లు మాత్రం పోయొద్దు. ఇసుక లోపలి రబ్బరుని అరగదీస్తుంది, ఇనుము తుప్పు పడుతుంది.

హబ్బు రింగులు

సెంట్రామాటిక్ అనే అమెరికా కంపెనీ రింగులు హబ్బుకీ రిమ్ముకీ మధ్య బిగుస్తాయి. గుండ్రటి గొట్టంలో ద్రవమూ గుండ్లూ ఉంటాయి, సూత్రం పూసలదే. టైరు లోపల ఏమీ ఉండదు కాబట్టి గాలి దించడం, పంచర్, సీలెంట్ బాధల్లేవు. టైర్లు మార్చినా రింగులు అలాగే ఉంటాయి. వేల కిలోమీటర్లు హైవే మీద తిరిగి, టైర్లు తరచూ మార్చే లారీ తరహా వాడకానికి ఇవి పుట్టాయి, అక్కడ వీటికి మంచి పేరుంది.

పెద్ద ఆఫ్‌రోడ్ టైరుకి వచ్చేసరికి రెండు అభ్యంతరాలు. రింగు వ్యాసార్ధం టైరు కంటే చాలా చిన్నది కాబట్టి అది సరిచేయగల లోటుకు హద్దు ఉంది. పైగా అది ఒకే తలంలో పనిచేస్తుంది, 12.5 అంగుళాల టైరు అటూఇటూ ఊగడాన్ని అది పెద్దగా ఆపలేదు. బిగించేటప్పుడు స్టడ్డు, అంటే హబ్బు నుంచి వచ్చి చక్రం నట్టు ఎక్కే బోల్టు, పొడవు చూసుకోవడం ప్రాణావసరం. రింగు ప్లేటు మందం మేరకు నట్టు పట్టు తగ్గుతుంది. నట్టు కనీసం స్టడ్డు మందమంత లోతు పట్టాలి. జిమ్నీ 12 మిల్లీమీటర్ల స్టడ్డుకి మరల మధ్య దూరం 1.25 మిల్లీమీటర్లు, అంటే సుమారు పది చుట్లు. ఫార్చ్యూనర్‌కి ఆ దూరం 1.5, ఎనిమిది చుట్లు. అంతకంటే తక్కువ తిరిగితే పొడవైన స్టడ్లు వేయాలి, లేదా రింగులు మానుకోవాలి. ఇప్పటికే చక్రాన్ని బయటికి జరిపే స్పేసర్లున్న బండికి వీటి ఊసే వద్దు. బిగించాక 100 కిలోమీటర్ల లోపు నట్లన్నీ టార్క్ రెంచితో మళ్లీ సరిచూడాలి. ట్రయల్‌లో రింగు వెనక బురద చేరుతుంది, ప్రతిసారీ కడగాలి.

రోడ్ ఫోర్స్ మెషిన్లు, మిగతావి

హంటర్ కంపెనీ రోడ్ ఫోర్స్ మెషిన్ తిరిగే టైరుని ఒక పెద్ద రోలర్‌తో నొక్కి, టైరు ఎక్కడ గట్టిగా ఉందో, రిమ్ము ఎక్కడ వంకరగా ఉందో విడివిడిగా చెబుతుంది. మామూలు మెషిన్ సున్నా చూపించినా వణికే టైరు రహస్యం దీనికే తెలుస్తుంది. టైరుని రిమ్ము మీద ఎంత తిప్పాలో కూడా చూపిస్తుంది. మీ నగరంలో పెద్ద డీలర్ల దగ్గర ఈ మెషిన్ ఉంటే, కొత్త టైర్ల సెట్టుకి ఒక్కసారి ఖర్చు పెట్టడం న్యాయమే. మీ సైజు టైరు దానికి పడుతుందో లేదో ముందే అడగండి.

అది దొరక్కపోతే చక్రం జాకీ మీద ఎత్తి, ట్రెడ్‌కి దగ్గరగా ఒక స్క్రూడ్రైవర్‌ని స్టాండు మీద కదలకుండా పెట్టి, చక్రాన్ని చేత్తో తిప్పండి. సందు ఒకచోట ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లకు మించి మారుతుంటే టైరు గుండ్రంగా లేదు, లేదా రిమ్ము వంగింది. రిమ్ము అంచు దగ్గర కూడా ఇలాగే చూస్తే దోషం ఎవరిదో తేలుతుంది. నెలల తరబడి కదలకుండా నిలిపిన బండి టైర్లు అడుగున చదునవుతాయి. ఇరవై కిలోమీటర్లు నడిపి టైర్లు వేడెక్కాక కొలవాలి.

వణుకు బ్యాలెన్సింగ్‌ది కాకపోతే

చక్రం వల్ల వచ్చే వణుకు చుట్టుకొకసారి కొడుతుంది. 33 టైరు 80లో సెకనుకు ఎనిమిది తొమ్మిది సార్లు, చేతికి ఒక్కొక్కటిగా తెలిసేంత నెమ్మది. పాదాల కింద సన్నగా జివ్వుమనే వణుకు, అదీ బండి ఎత్తు పెంచే లిఫ్టు వేయించాక మొదలైందంటే అనుమానం ప్రొపెల్లర్ షాఫ్టు కోణం మీద పెట్టుకోవాలి.

జిమ్నీ, ర్యాంగ్లర్ లాంటి ముందు గట్టి యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు) బండ్లలో ఇంకో జబ్బు ఉంది: గుంత తగలగానే స్టీరింగ్ అదుపు తప్పేంతగా ఊగి, బండి నెమ్మదించే దాకా ఆగదు. బ్యాలెన్సింగ్ లోపం దాన్ని లేపవచ్చు గానీ అసలు వదులు వేరేచోట ఉంటుంది. ముందు, యాక్సిల్ పక్కకు జరగకుండా పట్టే పాన్‌హార్డ్ రాడ్ బుష్షులు, దాని బోల్టు రంధ్రం గుడ్డు ఆకారంలో అరిగిందేమో చూడండి. తర్వాత టై రాడ్ ఎండ్లు, కింగ్‌పిన్ బేరింగులు (ర్యాంగ్లర్‌లో వాటి బదులు బాల్ జాయింట్లు), వీల్ బేరింగులు. ఒకరు స్టీరింగ్‌ని అటూఇటూ ఆడిస్తుంటే ఇంకొకరు కింద పడుకుని ఒక్కో జాయింటు మీద చెయ్యి పెట్టి చూస్తే వదులు ఎక్కడుందో తెలిసిపోతుంది. స్టీరింగ్ ఊగుడుని అణిచే కొత్త డ్యాంపర్ వేస్తే కొన్నాళ్లు అణిగి ఉంటుంది, అరిగిన బుష్షు మాత్రం లోపల అరుగుతూనే ఉంటుంది. 2020 నుంచి వస్తున్న థార్‌కి ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్, అంటే రెండు చక్రాలూ విడివిడిగా కదిలే ఏర్పాటు, కాబట్టి ఈ జబ్బు రాదు. అక్కడ బాల్ జాయింట్లు, లోయర్ ఆర్మ్ బుష్షులు, ఆ తర్వాత అలైన్‌మెంట్ చూడాలి.